కాళ్లకొక కార్యము
(సంవాదము)

విజయనగరమున పెద్దచెరువు గట్టుకు అనతిదూరములోనున్న యొక వీథిలో, సర్వేశాఖలో చిరకాలము పనిచేసి విశ్రాంతి గొనిన పెద్దమనిషి యొకరు కలరు. రక్తములో చక్కెర మితిమీరినదని వైద్యుడు హెచ్చరించిన నాటినుండి ఆయన ప్రతిదినమును వేకువనే లేచి నడచుచుండెను. ఏడాది తిరుగునప్పటికి చక్కెర అదుపులోనికి వచ్చినదను నివేదిక చేతికందినది. ఆ పిమ్మట వచ్చిన వానకాలములో నడక క్రమక్రమముగా సన్నగిల్లి, ఇప్పుడాయన వసారాలోని పడకకుర్చీ విడువకున్నాడు. కుమారుడు కలతచెంది, తండ్రికి ఆప్తమిత్రులైన ఇరువురితో మొరపెట్టుకొనెను. వారిలో ఒకరు ఉన్నతపాఠశాలలో వ్యాయామోపాధ్యాయులుగా నుండిన నాయుడుగారు. రెండవవారు కళాశాలలో సంస్కృతాంధ్రములు బోధించిన సోమయాజులుగారు. ఒకప్పుడు నడచి మానివేసిన మనిషిని మరల కదలించుట, ఎన్నడును నడువనివానిని కదలించుటకంటె కష్టము. ఈ చిక్కు నేడు అనేక గృహములలో కలదు గనుక వారి మాటలను పాఠకుల ముందుంచుచున్నాను. వ్యాయామోపాధ్యాయుడు నియమపక్షమును, సాహిత్యవేత్త ఉత్సాహపక్షమును వహింతురని ఎవరైనను ఊహింతురు. జరిగినది అందుకు విపర్యయము.

సోమయాజులు: నాయుడుగారూ, తన తండ్రికి కావలసినది క్రొత్త ఉత్సాహమని ఆ కుఱ్ఱవాడు మాటిమాటికిని చెప్పుచున్నాడు. నాకు ఆ అభిప్రాయమే సమ్మతము కాదు. ఉత్సాహము మనస్సునకు సంబంధించినది. మనస్సు క్షణక్షణమునకు మారునది. అట్టిదానిపై దేహరక్షణభారమును మోపినవాడు ఎన్నటికిని సుఖపడడు. నేను వేకువనే లేచి, ముఖప్రక్షాళనము కాగానే గుడివరకు నడచి వత్తును. ఈ దినము నాకు నడువవలెనని యున్నదా, లేదా యని నన్ను నేను ప్రశ్నించుకొనను. పండ్లు తోముకొనుటకు ఉత్సాహము కావలెనా? స్నానము చేయుటకు ప్రేరణ కావలెనా? నడకయు ఆ కోవలోనిదే. దానిని దినచర్యలో చేర్చి, చర్చకు అందనిచోట నుంచవలెను. మన మిత్రుడు నడకను ప్రతి ఉదయమును మరల నిర్ణయించుకొనవలసిన విషయముగా ఉంచుకొనెను. ప్రతి ఉదయమును నిర్ణయించుకొనవలసినది ఏదియైనను ఏదో యొక ఉదయమున ఓడిపోక తప్పదు.

నాయుడు: మీ నడకను నేనెఱుగుదును పంతులుగారూ, దానియందు నాకు గౌరవము కలదు. అయినను ఆ నియమము మీకెట్లబ్బినదో విచారింపుడు. తెల్లవారుజామున దీపము పెట్టి పాఠము వల్లించు ఇంట మీరు పుట్టితిరి. పెందలకడ లేచుట మీరు సంపాదించినది కాదు, మీకు సంక్రమించినది. అట్టి పెంపకము లేనివానితో నియమము పాటింపుమని చెప్పుట సులభమే; వాడు దానిని ఎక్కడనుండి తెచ్చుకొనవలెను? నా ఉద్యోగకాలమంతయు నేను ఈల ఊది పిల్లలచేత డ్రిల్లు చేయించితిని. చేతులు పైకి, చేతులు ప్రక్కకు, ఒకటి, రెండు, మూడు, నాలుగు! బడి విడిచిన పిమ్మట వారిలో ఒక్కడైనను తన పెరటిలో ఆ డ్రిల్లు చేయుచుండగా నేను చూచియుండలేదు. అదే పిల్లలలో సాయంకాలము చెడుగుడు ఆడినవారు, వాలీబాలు వల కట్టుకొన్నవారు, తలలు నెరసిన పిదపను మైదానమునకు వచ్చుచునే యున్నారు. వారినెవ్వరును పిలువలేదు, వారికి ఈల అక్కరలేదు.

సోమయాజులు: డ్రిల్లు నిలువకపోవుటకు కారణము, నియమము వారిది కాకపోవుట. అది మీ నియమము. మీరు లేనప్పుడు అది లేదు. నేను చెప్పునది మనుష్యుడు తనకు తాను విధించుకొన్న నియమము.

నాయుడు: మన మిత్రుడు తనకు తానే విధించుకొనెను గదా! ఒక పుస్తకములో తేదీలు వేసి గీతలు గీసికొనెను; చేతిఫోనులో అడుగుల లెక్క పెట్టుకొనెను. అదియు ఆగిపోయినది. కారణము నాకు స్పష్టముగా కానవచ్చుచున్నది. ఆయన నడచినది భయముచేత. కాళ్లకు తిమ్మిరి యెక్కునని, కన్ను మందగించునని, మూత్రపిండములు చెడునని వైద్యుడు చెప్పిన మాటలు ఆయనను ముందుకు త్రోసినవి. చక్కెర అదుపులోనికి వచ్చినదన్న కాగితము చేతికందిన దినమున ఆ త్రోయు చేయి తొలగిపోయినది. భయము మనుష్యుని మంచముపైనుండి లేపగలదేగాని, వీథి చివరివరకు వెంట రాజాలదు. దాని పని నెరవేరగానే అది వెడలిపోవును. దానితో నడకయు వెడలిపోవును.

సోమయాజులు: మీరు నా వాదమునే బలపరచుచున్నారు. భయము చిత్తవృత్తి, ఉత్సాహమును చిత్తవృత్తియే. ఒకటి పోయినప్పుడు రెండవదానిని తెచ్చి ఆ స్థానమున నిలిపినచో, అదియు మూడు మాసములలో పోవును. అప్పుడు మూడవదానిని వెదకుదురా? దీనికి అంతమెక్కడ? పతంజలి అభ్యాసమును గూర్చి చెప్పినప్పుడు దీర్ఘకాలము చేయవలెననెను, ఎడతెగక చేయవలెననెను. అప్పుడుగాని అది పాదుకొనదనెను. అంతకు మించిన మార్గమును ఈ రెండువేల యేండ్లలో ఎవరు కనుగొనిరి?

నాయుడు: పతంజలి చెప్పిన లక్షణములు మూడు పంతులుగారూ. మీరు రెండింటినే పేర్కొంటిరి. దీర్ఘకాలము, నైరంతర్యము అయిన తరువాత ఆయన ఆదరమును కూడ చెప్పెను. చేయుపనియందు ప్రీతి, గౌరవము లేనిదే ఎంతకాలము చేసినను, ఎంత విడువక చేసినను అది దృఢపడదని ఆ మహర్షికి తెలియును. యోగమువంటి కఠోరసాధనకే ఆదరము కావలసివచ్చినప్పుడు, చక్కెరరోగి ప్రాతఃకాలపు నడకకు అది అక్కరలేదందురా?

సోమయాజులు: అంగీకరించితిని, మూడవది కలదు. అయినను ఆదరము అభ్యాసమునుండి పుట్టునా, అభ్యాసము ఆదరమునుండి పుట్టునా యన్నది ప్రశ్న. మొదట చేయుచు పోయినచో ప్రీతి తానే కలుగునని నా అనుభవము.

నాయుడు: కొందరికి కలుగును. ఎట్టి చేతలనుండి కలుగును, ఎట్టి చేతలనుండి నశించునన్నది మా అమ్మాయి చదువుచున్న మనస్తత్వశాస్త్రములో పరీక్షించి చూచిరట. అమెరికాలో ఎడ్వర్డ్ డెసీ యను నతడు 1971లో ప్రకటించిన పరిశోధన ఒకటి ఆమె నాకు వివరించినది. విద్యార్థులకు చెక్కముక్కలతో ఆకారములు కూర్చు చిక్కుప్రశ్నలను ఇచ్చెను. ఊరకయే ఆడుకొన్నవారు, విరామవేళ కూడ వాటిని విడువకుండిరి. ప్రతి పరిష్కారమునకును డబ్బు పుచ్చుకొన్నవారు, ఆ డబ్బు ఆగిపోగానే వాటియం దాసక్తి తగ్గి చేతులు ముడుచుకొనిరి. వెలుపలినుండి వచ్చు ప్రతిఫలము లోపలనున్న ఇష్టమును హరించినది. పిమ్మట డెసీయు, రయాన్ అను మరియొక పండితుడును కలిసి, మనుష్యుడు ఒక పనిని తనంత తాను పట్టుకొని యుండుటకు మూడు కావలెననిరి: తన యిచ్ఛప్రకారము చేయుచున్నానను భావము, నానాటికి నేర్పు పెరుగుచున్నదను తృప్తి, తనవారితో అనుబంధము. మన మిత్రుని నడకలో ఈ మూటిలో ఏది యున్నది? నడువుమన్నవాడు వైద్యుడు. నేర్పు పెరుగుటకు అందులో క్రొత్తదేదియు లేదు. తోడు ఎవ్వరును లేరు. మూడును లేని పనిని ఏడాది చేసినాడనిన, ఆయన పట్టుదలకు నేను ఆశ్చర్యపడుచున్నాను.

సోమయాజులు: ఆయన ఫోనులో లెక్క చూచుకొనుచుండెను గదా, అది నేర్పు పెరుగుటకు గురుతు కాదా? సంఖ్య నియమమునకు ఊత. పదివేల అడుగులని యొక గురి పెట్టుకొని దానిని చేరుట నాకు మంచి పద్ధతిగనే తోచుచున్నది.

నాయుడు: ఆ పదివేలే ఆయనను చెఱచినవని నా అనుమానము. ఆ సంఖ్య ఏ వైద్యగ్రంథమునుండియు వచ్చినది కాదు. టోక్యోలో ఒలింపిక్ క్రీడలు జరిగిన మరుసటి సంవత్సరము, 1965లో, జపానులో ఒక కంపెనీవారు నడుమునకు తగిలించుకొను అడుగుల యంత్రమొకటి అమ్మకమునకు పెట్టి, దానికి పదివేల అడుగుల కొలమానమని పేరిడిరి. సరుకు పేరు క్రమముగా లోకమునకు శాసనమైనది. హార్వర్డులో ఐ-మిన్ లీ అను విదుషి, సగటున 72 ఏండ్ల వయస్సుగల పదునారువేలమందికి పైబడిన స్త్రీల అడుగులను కొలిపించి 2019లో ఫలితములను వెల్లడించినది. దినమునకు సుమారు 2,700 అడుగులు వేసినవారికంటె 4,400 వేసినవారిలో మరణములు చాల తక్కువ. అటుపై అడుగులు పెరిగినకొలది మేలు పెరిగి, 7,500 దగ్గర ఇంచుమించు నిలిచిపోయినది. మన మిత్రుడు ఆరువేలు నడచిన దినమున సంతోషింపవలసినది. కాని పదివేలు కాలేదని దిగులుపడి, నాలుగు దినములు వరుసగా లెక్క తప్పినంతనే ఇక నావలన కాదని తీర్మానించుకొనెను. ముసలితనమున నడచువానికి ప్రతిసాయంకాలమును తప్పినట్లు తోపించు సంఖ్యకంటె అపకారి మరియొకటి లేదు.

సోమయాజులు: ఈ విషయమున మీతో ఏకీభవించుచున్నాను. మన పూర్వులును అతిని కోరలేదు. వాగ్భటుడు బలవంతుడు సైతము తన శక్తిలో సగమువరకే వ్యాయామము చేయవలెనని, అదియు శీతకాలమునను, వసంతమునను మాత్రమేయని, తక్కిన ఋతువులలో ఇంకను తగ్గింపవలెనని చెప్పెను. సగముశక్తి యైనదని తెలియుటకు సుశ్రుతుడు గురుతు చెప్పినాడు: ఊపిరి నోటికి వచ్చుట. కొలతకు యంత్రమెందులకు? దేహమే చెప్పును. కాని నాయుడుగారూ, ఆయుర్వేదమున వ్యాయామము దినచర్యాధ్యాయములో నున్నది, వినోదములలో లేదు. దంతధావనము, అభ్యంగనము, వ్యాయామము, స్నానము: ఇది క్రమము. ఇష్టముండినచో చేయుమని అందెక్కడను లేదు.

నాయుడు: ఆ గ్రంథములు వ్రాసిననాడు దినచర్యలోని తక్కిన పనులన్నియు మనుష్యుని కదలించునవే. నీరు తోడుట, పశువులను విప్పుట, పొలమునకు పోవుట, అంగడికి పోవుట. వ్యాయామము వాటిపైన చేర్చినది. నేడు తక్కినవన్నియు పోయి అదొక్కటే మిగిలినది. అందుచేతనే దానికి అంత బరువైనది. లండనులో జెరీ మోరిస్ అను వైద్యుడు 1953లో ప్రకటించిన విషయము మీరు వినియుందురు. అప్పుడక్కడి రెండంతస్తుల బస్సులలో డ్రైవరు దినమంతయు కూర్చుండెడివాడు. కండక్టరు చీట్లు కోయుటకై మెట్లెక్కుచు దిగుచు నుండెడివాడు, దినమునకు అయిదువందల మెట్లకు తక్కువ కాకుండ. ఇరువురిదియు ఒకే బస్సు, ఒకే సంస్థ, ఇంచుమించుగా ఒకే విధమైన బ్రతుకు. గుండెజబ్బులు కండక్టర్లలో తక్కువ; వచ్చినను అవి అంత ప్రాణాంతకములు కావు. ఉత్తరములు పంచు తపాలాబంట్రోతులను, బల్లవద్ద కూర్చుండు గుమాస్తాలను పోల్చినప్పుడును అదే తేలినది.

సోమయాజులు: డ్రైవర్లు మొదటినుండియు స్థూలకాయులేమో! లావుగానుండువారే కూర్చుండు ఉద్యోగమునకు పోయిరేమో!

నాయుడు: ఆ సందేహము మోరిసుకే కలిగినది, సంస్థవారు ఇచ్చు దుస్తుల నడుముకొలతలను తెప్పించి చూచెను. డ్రైవర్ల నడుములు మొదటినుండియు కొంత పెద్దవే. అయినను నడుముకొలత ఒక్కటియే ఆ భేదమునంతను చెప్పజాలలేదు. తన పరిశోధనను తానే శంకించి పరీక్షించుకొన్న ఆ వైద్యుడు 99 ఏండ్లు బ్రతికెను. నేను చెప్పవచ్చినది వేరు. ఆ కండక్టర్లలో ఒక్కడును వ్యాయామము చేయుచున్నానని అనుకొనలేదు. పైయంతస్తులోని ప్రయాణికునికి చీటీ ఇయ్యవలెను గనుక మెట్లెక్కెను. కాళ్లకు ఒక కార్యముండెను. కార్యమున్నప్పుడు ఉత్సాహము కలదా లేదా యన్న ప్రశ్న పుట్టదు. మీరు కోరు నియమము, నేను కోరు ప్రేరణ, రెండును అందులో వానికి తెలియకయే కుదిరినవి.

సోమయాజులు: కార్యము, ప్రయోజనము, ఉత్సవము: ఇవి నిలుచునవని మీరెట్లనుకొందురు? ఆషాఢమాసమున పౌర్ణమి ముందు సింహాచలమునకు పోయి చూడుడు. కొండదిగువనున్న తొలిపావంచావద్ద కొబ్బరికాయ కొట్టి, కొండ చుట్టును 32 కిలోమీటర్లు రాత్రియంతయు నడచువారు లక్షలలో నుందురు. ఏడాదిపొడుగునను వీథి చివరనున్న అంగడికైనను బండిమీద పోవువారు ఆ రాత్రి వానలో తడియుచు గిరిప్రదక్షిణము చేయుదురు. అంతకంటె గొప్ప ప్రేరణ ఎక్కడ కలదు? మరునాడేమగును? నొప్పులకు నూనె రాచుకొని పడుకొందురు. మరల వచ్చు ఆషాఢమువరకు కాలు కదపరు. ఆ భక్తిని నేను శంకింపను. కాని ఏడాదికొక రాత్రి పొంగిన ప్రేరణ తక్కిన దినములకు ఏమి మిగిల్చినది?

నాయుడు: బలమైన ప్రశ్నయే. దాచను. అయినను ఆ లక్షలలో నాకు తెలిసిన కొందరున్నారు. నలువదియవ పడిలోనున్న ఆడవారు. మొదటి యేడు సగముదారిలో పాదములు బొబ్బలెక్కి ఆగిపోయిరి. మరుసటి యేడు వైశాఖమునుండియే సాయంకాలములందు కలిసి నడచుచు దూరము పెంచుకొనిరి. ఆషాఢమున ప్రదక్షిణము పూర్తియైనది; వారి సాయంకాలపు నడక ఆగలేదు, ఏలయనగా అప్పటికి వారికి ఆ నడకలో కష్టసుఖములు చెప్పుకొనుట అలవాటైనది. ప్రదక్షిణము వారిని గడప దాటించినది. స్నేహము వీథిలో నిలిపినది. మొదటి ప్రేరణ వేరు, నిలిపిన ప్రేరణ వేరు. నా మాట ఇదియే: ప్రేరణ అరిగిపోవును, మీరన్నది నిజము, అరిగినదానిని విడిచి మరియొకదానిని పట్టుకొనుట చపలత్వము కాదు. యౌవనమున అందముకొరకు కసరత్తు చేసినవాడు, నడివయస్సున బిడ్డలతో ఆడుటకును, వార్ధక్యమున తన పనులు తాను చేసికొనుటకును కసరత్తు చేయును. కారణము మారినది, దేహము కదలుచునే యున్నది. ఒకే కారణము జీవితాంతము నిలువవలెనని కోరినవారే ఎక్కువగా కూర్చుండిపోవుదురు.

సోమయాజులు: ఒక కారణము పోయి మరియొకటి వచ్చులోపల నుండు ఎడమును గూర్చి మీరు చెప్పలేదు. ఆ ఎడములోనే మనుష్యులు పడిపోవుదురు. వాన వచ్చును, ఇంట ఎవరికో జబ్బు చేయును, స్నేహితుడు ఊరు విడుచును. అప్పుడు నిలుపునది నియమమొక్కటే.

నాయుడు: అంతవరకు నియమమునకు నేను నమస్కరింతును. నియమము చెరువుకట్ట; ఇష్టము నీరు. కట్ట ఎంత గట్టిదైనను అది నీటిని పుట్టింపజాలదు.

సోమయాజులు: కట్ట లేనిచో కురిసిన నీరంతయు ఆ రాత్రియే గెడ్డలో కలియును. వినోబాను తలచుకొనుడు. 1951లో వార్ధానుండి కాలినడకన హైదరాబాదు ప్రాంతమునకు వచ్చి, ఏప్రిల్ 18వ తేదీన పోచంపల్లిలో తొలి భూదానమును పొందినాడు. అప్పుడాయనకు 55 ఏండ్లు. దేహము బక్కచిక్కినది, జీర్ణకోశము దుర్బలము. అటుపై పదుమూడేండ్లు దేశమంతయు నడచినాడు. భూమిలేనివారికి భూమి యన్న మహాప్రయోజనము ఆయనను నడిపించినదని మీరందురు. నేనును అందును. కాని ఆ ప్రయోజనమును ప్రతిదినమును తెల్లవారకమునుపే దారి పట్టించినది ఆయన నియమము. ఎండ ముదిరిన పిమ్మట బయలుదేరుదమని ఒక్కనాడైనను అనుకొనియుండినచో, ఆ యాత్ర పోచంపల్లి పొలిమేర దాటకుండును.

నాయుడు: ఆ మాట చక్కగ చెప్పితిరి. ఇందు మనకు భేదము లేదు. మిగిలినదెల్లను మొదట ఏది యన్నదే. మన మిత్రునియొద్ద కట్ట కలదు. గీతలు గీసిన పుస్తకము ఇప్పటికిని బల్లపై నున్నది. నీరే లేదు.

సోమయాజులు: అరువదియైదేండ్లవానికి ఇప్పుడు క్రొత్త ఇష్టమును ఎక్కడనుండి తెత్తురు? చెడుగుడు ఆడింతురా? ఆ వయస్సున మనుష్యుడు తెలిసినదానిని కాపాడుకొనుటయే గగనము. క్రొత్తది నేర్చుట అసాధ్యము.

నాయుడు: అసాధ్యమనవలదు. బోస్టనులో ఒక వృద్ధాశ్రమమున సుమారు 90 ఏండ్ల వయస్సుగల పదిమంది దుర్బలులచేత ఎనిమిది వారములు కాళ్లతో బరువులెత్తించి 1990లో ఫలితమును ప్రకటించిరి. తొడబలము సగటున రెండున్నర రెట్లు దాటినది. తొంబదియవ యేటను కండరము చెప్పినమాట వినును. అడిగినవారు లేకపోవుటయే లోపము. అంతదూరమెందులకు? మన నెల్లిమర్ల మండలములోని కొండవెలగాడకు పోయి చూడుడు. ఆ పల్లెలో బరువులెత్తుట ఇంటింటి ఆచారమైనది. మత్స సంతోషి యను ఆ ఊరి పిల్ల 2014లో గ్లాస్గోలో జరిగిన కామన్‌వెల్తు క్రీడలలో పతకము తెచ్చినది. అంతకు ముందు, 2000లో, సిడ్నీలో మన శ్రీకాకుళము జిల్లా ఆడపడుచు కరణం మల్లేశ్వరి 240 కిలోలెత్తి ఒలింపిక్ పతకము గెలిచిన మొదటి భారతీయ స్త్రీ యైనది. కొండవెలగాడలో ఇనుపకడ్డీ పట్టిన పిల్లను నీకు ప్రేరణ ఏమియని అడిగినచో, ఆమెకు ఆ ప్రశ్నయే అర్థము కాదు. అక్క ఎత్తినది, ప్రక్కయింటి అన్న ఎత్తినాడు, నిన్నటికంటె నేడు రెండు కిలోలు ఎక్కువ లేచినవి. నేర్పు, తోడు, ఇష్టము మూడును ఆ వీథిలోనే యున్నవి. ఒంటరిగా ఒక మనిషిని నియమముతో నిలుపుటకు ఎంత శ్రమపడుచున్నామో, ఒక వీథి దానిని అంత అనాయాసముగ చేయుచున్నది.

సోమయాజులు: పుట్టుకతో అట్టి వీథి దొరికినవారు అదృష్టవంతులు. మన మిత్రుని వీథిలో అట్టిదేదియు లేదు. ఆయనకు తెలిసినది భూమి కొలుచుట ఒక్కటే.

నాయుడు: అదియే చాలును! పంతులుగారూ, ఆయన ఉద్యోగమున ఉన్నంతకాలము ఏమి చేసెను? ఎండలో, బురదలో, ముండ్లలో పొలముగట్లవెంట గొలుసు పట్టుకొని నడచెను. ఒక గొలుసు 66 అడుగులు, నూరు లింకులు. ఎనుబది గొలుసులైనచో మైలు. దినమునకు ఎన్ని మైళ్లు తిరిగెనో ఆయన ఎన్నడును గణింపలేదు, ఏలయనగా ఆయన లెక్కించినది భూమిని, అడుగులను కాదు. సరిహద్దురాయి ఎక్కడ నున్నదో, గట్టు ఎంత జరిగినదో, క్షేత్రకొలతల పుస్తకమైన ఎఫ్‌.ఎం.బి.లోని కొలతకును నేలకును ఎందుకు పొత్తు కుదురదో కనుగొనుటలో ఆయనకుండిన ఆసక్తి మీకు తెలియును. ఆ మనిషిని ఫోనులోని సంఖ్యకొరకు వీథి చివరివరకు పోయి తిరిగి రమ్మంటిమి. ఆయనకు విసుగు పుట్టక ఏమగును?

సోమయాజులు: అయినచో మీ యాలోచన ఏమి?

నాయుడు: మన పట్టణపు చెరువులు. పెద్దచెరువు, అయ్యకోనేరు, ఊరిచుట్టునున్న చిన్నచెరువులు. ఏ గట్టు ఎక్కడ కుంగినది, ఏ తూము పూడినది, అలుగు ఏ దిక్కునకు పారుచుండెను, ఇప్పుడక్కడ ఏమి కట్టినారు. వీటినన్నింటిని చూచి, కొలిచి, ఒక పటము వ్రాయువాడు కావలెను. అది ఆయనకంటె బాగుగ చేయగలవాడు ఈ ఊరిలో నాకు తెలిసి లేడు. పటము పూర్తియైనచో మునిసిపాలిటీవారికిని ఇయ్యవచ్చును, బడిపిల్లలకును చూపవచ్చును. నడువుమని ఆయనతో ఒక్కమాటయు అనరాదు. చెరువులు పాడైపోవుచున్నవి, మీరు కొలిచి పెట్టవలెనని అడుగవలెను.

సోమయాజులు: అది ఆరోగ్యమును మరుగుపరచి అడుగుట కాదా?

నాయుడు: చెరువులు నిజముగనే పాడగుచున్నవి. పటము నిజముగనే కావలెను. ఆరోగ్యము దానివెంట వచ్చినచో ఎవరికి నష్టము? ప్రపంచ ఆరోగ్యసంస్థ వారమునకు 150 నిముషములు మొదలుకొని 300 నిముషములవరకు మధ్యరకపు శ్రమ చాలునన్నది. 65 ఏండ్లు నిండినవారు వారమునకు కనీసము మూడు దినములు తూలిపడకుండ నిలద్రొక్కుకొను అభ్యాసమును చేయవలెనన్నది. ఎగుడుదిగుడు చెరువుగట్టుకంటె అందుకు అనువైన తావు ఏది?

సోమయాజులు: అక్కడనే నాకొక భయము. ఆయన చక్కెరరోగి. పాదములలో స్పర్శ మందగించియుండవచ్చును. గట్లమీద ముల్లు గ్రుచ్చుకొన్నను తెలియదు. మాత్రలు వేసికొని పరగడుపున ఎండలో తిరిగినచో కన్నులు బైర్లు క్రమ్మును. ఉత్సాహములో ఈ జాగ్రత్తలు మరుగునపడును. అందుకే నియమము కావలెనంటిని.

నాయుడు: మంచిమాట, ఈ నియమములు మీరే విధింపుడు. బూట్లు లేనిదే గట్టెక్కరాదు. ఇంటికి రాగానే అరికాళ్లు పరీక్షించుకొనవలెను. కొంచెము తినియే బయలుదేరవలెను. జేబులో గ్లూకోజు పొట్లముండవలెను. మొదట వైద్యుని ఒక్కమారు అడుగవలెను. భోజనమైన తరువాత పది పదునైదు నిముషములు మెల్లగ నడచినచో, తిన్న చక్కెరను కండరములు గ్రహించుకొనునని వైద్యులు చెప్పుదురు. కావున కొలత లేని దినమున అన్నము తిని పెరటిలోనైనను తిరుగవచ్చును.

సోమయాజులు: కొలతకు వేళ కూడ నేనే నిర్ణయింతును. వారమునకు మూడు దినములు. సోమ, బుధ, శుక్రవారములు. ఎండ ఎక్కకమునుపు గట్టుమీద నుండవలెను, ఎండ ఎక్కగానే ఇంటికి రావలెను. వాన కురిసిన దినమున ఆయన యింట కూర్చుండి అప్పటివరకు తీసిన కొలతలను పటముపై ఎక్కింపవలెను. ఏ వారమును శూన్యముగ పోరాదు. మొదలుపెట్టుట మాత్రము ఉగాదివరకు ఆగుదమా? క్రొత్త సంవత్సరమున ఆరంభించినది నిలుచునందురు.

నాయుడు: క్రొత్త సంవత్సరమున, నెల మొదట, వారము మొదట, పుట్టినదినము గడచిన పిమ్మట మనుష్యులు వ్యాయామశాలలకు ఎక్కువగా పోవుదురని అమెరికాలోని పరిశోధకులు 2014లో లెక్కలతో చూపిరి. ఆరంభదినమునకు బలము కలదు. కాని అందుకు ఉగాది అక్కరలేదు, సోమవారము చాలును. ఉగాదివరకు ఆగినచో ఆయన కాళ్లలో ఉన్న సత్తువలో కొంత తగ్గిపోవును. ఇంకొకటి పంతులుగారూ. గొలుసు ఒక్కడు పట్టుకొని కొలువజాలడు. ముందొకడు, వెనుకనొకడు ఉండవలెను. కొలతలు వ్రాయుటకు ఒకడు. నేను ముందు పట్టుకొందును. వెనుక మీరు.

సోమయాజులు: నేనా? నా నడక గుడివరకు ఏర్పడియున్నది. ఆ వేళను నేను ఎన్నడును మార్చుకొనలేదు.

నాయుడు: అందుకే మిమ్ము అడుగుచున్నాను. సోమవారము వానచినుకు పడినను, నాకు ఒడలు బద్ధకించినను, ఆయనకు మనస్సు రాకపోయినను, మీరు వేళకు గట్టుమీద నిలిచియుందురని మా ఇరువురికిని తెలియును. మీరు నిలిచియుండగా మేము రాకుండుట ఎట్లు? మీ నియమము ఇన్నాళ్లు మీ యొక్కరి కాళ్లనే నడిపినది. అది మరి ఇద్దరిని నడుపగలదు.

సోమయాజులు: గుడికి సాయంకాలము పోవచ్చును లెండి. అయితే కొలతలు వ్రాయు పుస్తకము నాయొద్దనే యుండవలెను. ఆయన దస్తూరి ఆయనకుగాని తెలియదు. గొలుసు ఎక్కడ దొరకును? ఇప్పుడెవరును వాడుచున్నట్లు లేదు.

నాయుడు: ఆయన అటకమీద ఒకటి కలదు, తుప్పు పట్టియుండును. కిరసనాయిలు పెట్టి తుడిచినచో ఒక పూటలో వదలును. సాయంకాలము ఇద్దరమును పోయి, దానిని దింపియిమ్మని ఆయననే అడుగుదము.